అసంపూర్ణ ప్రోగ్రాము – పైథాను పార్సరు

“రాముడు పుస్తకమును” అని ఎవరైన ఆగినచో ఏ తెలుగు ఉపాధ్యాయుడును దానిని తప్పనడు. క్రియ ఇంకను రాలేదనును. తప్పునకును, అసంపూర్తికిని గల ఈ భేదము కంప్యూటరుకు తెలియునా? ప్రోగ్రాములోని వాక్యములను విడదీసి, వాని నిర్మాణమును గుర్తించు భాగమును పార్సరు అందురు. ఈ భేదమును గ్రహించుటయే మంచి పార్సరుకు గీటురాయి.

మన విద్యార్థులు నేర్చుచున్న పైథాను భాషనే పరిశీలింతము. మొదటి పంక్తిలో మార్కుల జాబితాకై కుండలీకరణము తెరచి, మూయుట మరచి, రెండవ పంక్తిలో వేరొక వాక్యమును వ్రాసితిమనుకొనుడు. పాత పార్సరు నిర్దోషమైన రెండవ పంక్తిని చూపి, “వాక్యనిర్మాణము సరికాదు” అనెడిది. గైడో వాన్ రాసమ్, పాబ్లో గలిందో, లిసాండ్రోస్ నికొలావు రూపొందించిన కొత్త పార్సరు 2020లో 3.9వ కూర్పులో చేరినది. దాని ఆధారముతో 2021లో వచ్చిన 3.10వ కూర్పు మొదటి పంక్తినే చూపి, “ఈ కుండలీకరణమును మూయలేదు” అని చెప్పుచున్నది.

ఇది చిన్న మార్పు కాదు. చింతపల్లి వంటి మన్యప్రాంతమున ఒంటరిగా అభ్యసించు బాలునికి, సందేహము తీర్చువారు చెంత లేనపుడు, యంత్రమిచ్చు దోషసూచనయే గురువు. గురువు తప్పుదారి చూపినచో శిష్యుడు ఒప్పును చెరిపి తప్పును నిలుపుకొనును.

అయినను లోపములు లేకపోలేదు. ఆ సూచన ఆంగ్లములోనే వచ్చును. అంతేకాక, పైథాను మొదటి వాక్యనిర్మాణ దోషముతోనే ఆగిపోవును. తరువాతి పంక్తులలోని దోషములను చెప్పదు. గిట్‌హబ్ సంస్థలో మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ నిర్మించిన ట్రీ-సిట్టర్ పద్ధతి వేరు. అది లోపించిన చిహ్నమున్నట్లు భావించి, అచట గుర్తుంచి, మిగిలిన భాగమును చదువును. అందుచేతనే ప్రోగ్రాము సగములో నున్నను ఎడిటరు దానిని రంగులతో సరిగా చూపగలుగుచున్నది.

అట్లని ఊహను హద్దు మీరనీయరాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కాన్వే, విల్‌కాక్స్ నిర్మించి 1973లో వివరించిన పి.ఎల్.సి. కంపైలరు విద్యార్థుల తప్పులను తానే సవరించి, ఆ సవరణను ముద్రించి, ప్రోగ్రామును నడిపెడిది. కాని వ్యాకరణము కుదిరినంత మాత్రమున విద్యార్థి భావము కుదిరినట్లు కాదు. సవరించిన వాక్యము అతడు తలపెట్టని లెక్కను చేయవచ్చును.

కావున లోపము మొదలైన చోటును చూపవలెను. మిగిలిన భాగమును చదువవలెను. పూరణమును మాత్రము వ్రాయువానికే విడువవలెను. మొదటి పనిలో పైథాను మంచి మార్కులు పొందినది. రెండవదానిని అది ఇంకను నేర్వవలసియున్నది.