ముఖం మాది, చూపెవరిది?

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. బారాషహీద్ దర్గా పక్కన నీళ్లలో నిలబడి ఆడవాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. హిందువులైనా ముస్లింలైనా తలమీద కొంగు కప్పుకుంటారు. మర్నాడు పేపర్ల నిండా ఆ ఫొటోలే. విలేకరులుగా ఆ ఫొటోల కింద రెండు వాక్యాలు రాసి పంపిన పాపం మాకూ ఉంది. ఆ వాక్యాల్లో 'మతసామరస్యం' తప్పకుండా ఉంటుంది. రొట్టె పట్టుకున్న మనిషి మాట ఉండదు. ఆమె పట్టుకుంది చదువు రొట్టో పెళ్లి రొట్టో కూడా ఉండదు.

ఆడవాళ్ల ఫ్యాషన్ పత్రికల చరిత్ర చదువుతుంటే మాకు ఆ ఫొటోలే గుర్తొచ్చాయి.

ఈ పత్రికల్లో పెద్ద పేరు 'వోగ్'. 1892 డిసెంబరులో న్యూయార్కులో ఆర్థర్ టర్న్యూర్ మొదలుపెట్టాడు. కలిగినవాళ్ల విందులు, వేషాలు, మర్యాదల గురించి కలిగినవాళ్ల కోసమే నడిచిన వారపత్రిక అది. 1909లో కాండే నాస్ట్ కొన్నాక దేశాలు దాటింది. 1916లో ఇంగ్లండు, 1920లో ఫ్రాన్సు, 2007లో మన దేశం, 2017లో అరబ్బు దేశాలు. ఏ దేశానికి ఆ దేశపు ముఖం తగిలించారు. అమ్మే సరుకు మాత్రం చాలావరకు అదే.

అమెరికా 'వోగ్' అట్టమీదికి నల్లజాతి స్త్రీ మొదటిసారి ఎక్కింది 1974లో. ఆమె బెవర్లీ జాన్సన్. పత్రిక పుట్టిన 82 ఏళ్లకి! ఆ అట్టకి ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్ మొదటిసారి ఫొటో తీసింది 2018లో. అతను టైలర్ మిచెల్. అంటే 126 ఏళ్లకి! ముఖానికి చోటివ్వడానికి అంత కాలం పడితే, కెమెరా చేతికివ్వడానికి ఇంకో 44 ఏళ్లు పట్టింది. మా వాదమంతా ఈ తేడా గురించే.

హలీమా ఆడెన్ సంగతి చూడండి. కెన్యాలోని శరణార్థి శిబిరంలో పుట్టిన సోమాలీ పిల్ల. హిజాబ్‌తోనే మోడల్ అయింది. 2017లో అరబ్బు 'వోగ్', 2018లో బ్రిటిష్ 'వోగ్' ఆమెని అట్టమీద వేసుకున్నాయి. లోకమంతా చప్పట్లు కొట్టింది. 2020 నవంబరులో ఆమె ర్యాంపు వదిలేసింది. ఫొటోల కోసం హిజాబ్ బదులు తన తలకి జీన్సు గుడ్డ చుట్టిన రోజుని తలుచుకుని బాధపడింది. ముఖం ఆమెదే. ఆ ముఖాన్ని ఎలా చూపాలన్న నిర్ణయం ఆమెది కాదు.

మరి మన తెలుగు సంగతి? 'వోగ్' పుట్టిన దశాబ్దంలోనే రాయసం వెంకటశివుడు గారు 'తెలుగు జనానా' పత్రిక నడిపారు. జనానా మా ఇళ్లలోంచి వెళ్లిన మాట. 1902లో వచ్చిన పత్రిక పేరు 'హిందూ సుందరి'. పేరులోనే ఎవరి కోసమో చెప్పేసింది. దర్జీ, జేబు, జరీ, కమీజు, దుపట్టా, వెంకటగిరి చీరమీది జాందానీ... ఈ మాటలు తీసేస్తే తెలుగులో బట్టల పేజీ రాయడమే కష్టం. మాటలు కావాల్సి వచ్చాయి. మనుషులు మాత్రం రంజాన్ నెలలో, వంటల పేజీలో గుర్తొస్తారు.

మా ఆడవాళ్లకి రాయడం రాదనుకోవద్దు. 1898లో లాహోరులో 'తహజీబె నిస్వాఁ' పత్రికకి సంపాదకురాలు ముహమ్మదీ బేగం. హైదరాబాదులో 'అన్నిసా' నడిపింది సుగ్రా హుమాయూన్ మీర్జా. మనం 'హిందూ సుందరి'ని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. వీళ్లని ఎందుకు తలుచుకోం? ఉర్దూలో రాశారు కాబట్టి పరాయివాళ్లయ్యారా? 2005లో షాజహానా తన కవితల పుస్తకానికి 'నఖాబ్' అని పేరు పెట్టుకున్నారు. అది తెలుగే కదా!

బుర్ఖాకీ ఒక ఫ్యాషన్ చరిత్ర ఉంది. మా నానీలు చీరమీద చాదర్ కప్పుకున్నారు. కువైట్‌లో, దుబాయిలో ఇళ్లపనికి పోయిన ఆడవాళ్ల పెట్టెల్లో అబాయాలొచ్చాయి. ఇప్పుడు వాటిమీద రాళ్లు, చమ్కీలు, రంగు అంచులు. ఏది ఇష్టంగా వేసుకుంది, ఏది మొగుడి మాటకి వేసుకుంది, ఏది పదిమంది కోసం వేసుకుంది? చెప్పాల్సింది ఆమే. మా మగవాళ్లు కూడా ఆమెనడక్కుండానే ఆమె తరఫున మాట్లాడేస్తున్నారు. బయటివాళ్లని నిలదీసే ముందు ఈ తప్పు ఒప్పుకోవాలి.

పత్రిక అట్టమీద హిజాబ్ ముద్దొచ్చిన ఈ కాలంలోనే, 2022లో కర్నాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపారు. అట్టమీదైతే సరుకు, తరగతి గదిలోనైతే సమస్య! రెండుచోట్లా ఆ పిల్లకి చదువు మీద ఉన్న ఆశ ఎవరికీ కనపడలేదు.

అందుకే మేం అట్టమీద చోటు అడగడం లేదు. సంపాదకుల బల్ల దగ్గర కుర్చీ అడుగుతున్నాం. కెమెరా అడుగుతున్నాం. అంతవరకూ, వచ్చే మొహర్రంకి స్వర్ణాల చెరువుకొచ్చే విలేకరి మిత్రులు, మాతో సహా, ఫొటో తీసే ముందు ఆమెని ఒక్కమాట అడగాలి. "అమ్మా, నువ్వు పట్టుకున్నది ఏ రొట్టె?" ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చెయ్యాలి.