కొలిచి తీసిన ఫొటో

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి మలక్‌పేట వైపు వెళ్తుంటే మొదట తగిలే మెట్రో స్టేషన్ మూసారంబాగ్. ముసియే రేమండ్ అన్న ఫ్రెంచి సేనాని పేరు జనం నోట నలిగి నలిగి మూసారాం అయింది. నిజాం అలీఖాన్ కొలువు చేసి 1798లో పోయిన ఆయన సమాధి అక్కడికి దగ్గర్లోనే, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, ఏడు మీటర్ల దాకా ఎత్తు, దాని మీద జె.ఆర్. అన్న పొడి అక్షరాలు. పక్కనున్న మండపం వానలకు కూలింది. తర్వాత మళ్లీ కట్టారు. అలా కూలిన దాన్ని తిరిగి నిలబెట్టాలంటే స్తంభాల మధ్య ఎంత ఎడముండేదో, చూరు ఎంత ముందుకొచ్చేదో ఎవరు చెప్పాలి? కూలిన రాళ్లు సగమే చెబుతాయి, ఊరి జ్ఞాపకం అంత కూడా చెప్పదు. మిగిలిందల్లా పాత ఫొటో. అదీ కొలిచి తీసినదైతేనే.

ఈ కొలత సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎత్తయిన గోడను తీయాలని కెమెరాను పైకి వంచితే గోడలు పైన దగ్గరకు వాలినట్టు పడతాయి. పాత పెట్టె కెమెరావాళ్లు వెనకున్న గాజు పలకను గోడకు సమాంతరంగా నిటారుగా ఉంచి, ముందున్న లెన్సును మాత్రం పైకి జరిపేవారు. దాంతో నిలువు గీత నిలువుగానే పడేది. చెక్కడాలు తేలాలంటే ఏటవాలుగా పడే పొద్దుటి ఎండ కావాలి, నడినెత్తిన సూర్యుడుంటే రాయి చదునైపోతుంది. అమెరికాలో 1933లో, పనుల్లేక ఆర్కిటెక్టులు రోడ్డున పడ్డ రోజుల్లో, చారిత్రక కట్టడాల సర్వే మొదలైంది. ఆ సర్వే ఫొటోల్లో గోడ పక్కన నలుపు తెలుపు గళ్ల కొలబద్ద నిలబెట్టి తీయడం ఒక పద్ధతి. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ, ఆ బద్దను బట్టి కిటికీ ఎత్తు లెక్కగట్టొచ్చు. మన ఆరో నిజాం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేసినవాడు. ఆయన ఫొటోల్లో కట్టడాలు అంత నిటారుగా నిలబడటం వెనక ఆ చదువుందని నా నమ్మకం. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

ప్రతి చేతిలో ఫోనుండగా ఈ తంటా ఎందుకంటారా? ఫోన్లో ఫొటోలకు కరువు లేదు, ఆనవాళ్లకే కరువు. ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో తిరిగి వచ్చిన బొమ్మకు తేదీ ఉండదు, చోటు ఉండదు, ఏ దిక్కు నుంచి తీశారో అసలే తెలియదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: ఈ శ్రద్ధంతా రాజుల కట్టడాల మీదే కదా అని. నిజమే, ఒప్పుకోవాల్సిందే. సరూర్‌నగర్‌లో నిజాం మహల్ విక్టోరియా రాణి పేర అనాథాశ్రమమైంది. ఎల్బీనగర్‌కు ముందు స్టేషన్‌కు ఆ పేరే పెట్టారు. దాన్ని తలుచుకునేవాళ్లు ఉంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక నలిగిపోయిన కాలనీ ఇంటికి, మొజాయిక్ అరుగుకు, ఇనుప గ్రిల్ గేటుకు ఎవరున్నారు? అయితే ఆ తప్పు ఫొటోది కాదు, ఎదురుగా ఏం నిలబెట్టాలో ఎంచుకున్నవారిది. పద్ధతి మాత్రం మహలుకూ, రెండు గదుల ఇంటికీ ఒకటే.

మీ వీధిలో పాత ఇల్లు పడగొట్టబోతున్నారని తెలిస్తే ఇంటివాళ్లనడిగి నాలుగు వైపులా తీయండి. ఫోను వంచకుండా, కాస్త దూరం జరిగి, గోడకు ఒక మీటరు బద్ద ఆనించి. తేదీ, వీధి పేరు, ఏ దిక్కు నుంచి తీశారో రాసి పెట్టడం మరవకండి.