మీనాక్షిసుందరము–ప్లెయెలుల జీటా ప్రమేయము

ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితాచార్యులుగా నుండిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరము గారు (1913–1968) స్వీడను దేశీయుఁడగు ప్లెయెలుతోఁ గూడి 1949లోఁ బ్రకటించిన వ్యాసమునఁ గ్రొత్తదనము లేదని కొంద ఱనవచ్చును. జీటా ప్రమేయము రీమానుది. దానిఁ గంపనసంఖ్యలకు వర్తింపఁజేసి 1934లోనే కార్లెమాను సమతలక్షేత్రములను విచారించెను. నిజమే. కాని యంచు లేని పరిమిత వక్రక్షేత్రములకు, అవి యెన్ని మితులవైనను, ఆ పద్ధతి చెల్లునని యుష్ణప్రసరణ సమీకరణము సాధనముగా వీరు నిరూపించిరి. స్వరముల పట్టికనుండి క్షేత్రముయొక్క ఘనపరిమాణము తేలును. ఆకృతి తేలునా? ఎల్లప్పుడును దేలదని 1964లో మిల్నరు 16 మితుల క్షేత్రముల జంటతోఁ జూపెను. ఇది వ్యాసమునకు దోషము గాదు, హద్దు. హద్దు గుర్తింపఁదగినంత స్పష్టముగా సాగిన యీ కృతిని వాల్తేరు పండితుని పేరుతో స్మరించుట చాలదు, చదువవలయును.