నెల లేని పిట్ట పాఠం

పక్షుల మీద తెలుగులో వచ్చే పాఠాలు, వ్యాసాలు వరుసగా చదివితే ఒక లోపం పదేపదే కనిపిస్తుంది. పిట్ట రంగు చెబుతారు, ముక్కు పొడవు చెబుతారు, రైతుకు అది చేసే మేలు చెబుతారు. అది ఏ నెలలో, ఏ చెట్టు మీద, ఏ పని మీద ఉంటుందో మాత్రం చెప్పరు. అడవి పిట్టను గుర్తుపట్టడానికి మన పెద్దలు ముందుగా చూసేది ఆ మూడింటినే. అందుకే మన పిల్లలు పక్షుల పాఠం అప్పజెప్పగలరు కానీ, బడి వెనక చెట్టు మీదున్న పిట్టతో ఆ పాఠాన్ని కలుపుకోలేరు.

కోకిలనే చూద్దాం. మన సాహిత్యం దాన్ని వసంతానికి కట్టేసింది. మావిచిగురు తింటుంది, చైత్రంలో కూస్తుంది, అంతటితో దాని కథ అయిపోతుంది. పైగా ‘కోకిలమ్మ’ అంటాం. గొంతెత్తి కూసేది నల్లగా ఉండే మగ కోకిల. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్లని చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ మని అరుస్తుందే తప్ప పాడదు. కూత కూడా చైత్రంతో ఆగదు, వానల్లోనూ వినిపిస్తుంది. కాకి గూడు కట్టే రోజుల్లోనే ఆడ కోకిల ఆ గూటిలో గుడ్డు పెట్టాలి కదా! చలికాలంలో కూత వినబడకపోతే అది ఎటో వెళ్ళిపోయింది అనుకుంటాం. చాలాచోట్ల అది అక్కడే మర్రిపండ్లు తింటూ నోరు మెదపకుండా ఉంటుంది. కవులు విన్న కూత నిజమే. కూత ఆగాక ఆ పిట్ట ఏమైందని వాళ్ళు అడగలేదు.

జాషువా ‘గిజిగాడు’ ఖండిక చాలామంది బడిలో చదువుకున్నదే. గూడు అల్లేది మగ గిజిగాడు. సగం అల్లాక ఆడది వచ్చి చూస్తుంది, దానికి నచ్చితేనే మిగతా పని సాగుతుంది. ఇదంతా వానాకాలంలో, గడ్డిపోచ, వరి ఆకు పచ్చిగా ఉన్నప్పుడు జరుగుతుంది. ఎండిన పోచ వంగదు, విరుగుతుంది. ఆ పద్యాలు జనవరిలో చెబితే పిల్లలు చూసేది ఖాళీ గూడు. ఆగస్టులో చెబితే అల్లేవాడినే చూస్తారు. లోపం పద్యంలో లేదు, మనం పాఠం చెప్పే నెలలో ఉంది.

ఇక ‘సైబీరియా పక్షులు వచ్చేశాయి’ అనే వార్త. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్ళ గురించి ఇలా ఎన్నోసార్లు రాశారు. తేలుకుంచికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. తేలినీలాపురానికి వచ్చేవి ముఖ్యంగా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఈ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే, సైబీరియాతో వీటికి సంబంధం లేదు. నత్తగుల్ల కొంగ జూన్‌లో తొలకరితో వస్తుంది. మడుల్లో నీరు నిలిచి నత్తలు దొరికే కాలం అది. గూడబాతు చెరువులు నిండాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక ఎండాకాలం మొదట్లో వెళ్తుంది. అవి ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే పిల్లల్ని పెంచుతాయి. ఇక్కడ పుట్టిన పిట్టను ‘విదేశీ అతిథి’ అనడం ఏం న్యాయం? నిజంగా దూరం నుంచి వచ్చేది, చలికాలంలో మన గెడ్డల ఒడ్డున తోక ఆడిస్తూ తిరిగే పిడికెడు పిట్ట. హిమాలయాల నుంచి, వాటి అవతలి నుంచి వచ్చే ఆ పిట్ట గురించి ఒక్క వార్తా రాదు.

నెలను లెక్కలోకి తీసుకున్న పుస్తకం లేకపోలేదు. సలీం అలీ ఇంగ్లీషులో రాసిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వచ్చింది. అందులో పిట్ట సైజు, గుర్తులు, ఉండే చోటు, అలవాట్లతో పాటు గూడు పెట్టే కాలం కూడా ఉంటుంది. అయితే అది దేశమంతటి కోసం రాసిన పుస్తకం. మన కొండ మీద ఏ పువ్వు పూసినప్పుడు ఏ పిట్ట దిగుతుందో అది చెప్పలేదు. ఆ పేజీ మనమే రాయాలి.

మనం రాయకపోతే ఏమవుతుందో కలివి కోడి చెబుతుంది. జెర్డాన్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలో దాన్ని లోకానికి తెలిపాడు. ఇంగ్లీషులో ఇప్పటికీ దానికి ఆయన పేరే. 1900 తర్వాత దశాబ్దాల పాటు ఎవరికీ కనబడక, అంతరించిందని అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దారి చూపింది అక్కడి పిట్టలు పట్టే మనిషి. అది రాత్రి తిరిగే పిట్ట, దీపం వెలుగులో దొరికింది. కలివి పొదల మధ్య తిరిగే కోడి అని దాని తెలుగు పేరే చిరునామా చెబుతోంది. పండితులు పోయిందనుకున్న పిట్ట పొదల పక్క మనిషికి తెలుసు. తెలిసినా అది కాగితం మీద లేదు, అడిగినవాళ్ళూ లేరు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. పాపికొండల అడవుల్లో పెద్ద ముక్కు మీద డిప్పలాంటి కొమ్ము ఉన్న పక్షి ఉంది. ఎండాకాలంలో ఆడది చెట్టు తొర్రలో చేరి, వాకిలి మూసుకుని, సన్నని చీలిక మాత్రం వదులుతుంది. పిల్లలు కాస్త ఎదిగేదాకా మగది ఆ చీలికలోంచి మర్రి, రావి, జువ్వి పండ్లు అందిస్తుంది. ఆ వారాల్లో మగదాన్ని కొడితే లోపలి పిల్లలు ఆకలితో చస్తాయి. ఆ పండ్ల గింజలను అడవంతా చల్లేదీ ఆ పక్షే. చైత్రంలో మన ఇటుకల పండుగ వేట సరిగ్గా ఈ కాలంలోనే వస్తుంది. పిట్టల వేటను చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, తొర్రలో ఎవరున్నారో తెలిసి కూడా కొడితే మన అడవి తెలివికి విలువేముంది? పండుగ మానమనడం లేదు. పిట్టను వదిలేసి పండుగ చేసుకుందాం.

ఉపాధ్యాయులు చేయగలిగింది చిన్న పనే. పన్నెండు నెలలకు పన్నెండు పేజీల పుస్తకం ఒకటి తరగతిలో పెట్టండి. కనబడిన పిట్టకు మన భాషలో పేరు, తెలుగులో పేరు, చెట్టు, అది చేస్తున్న పని రాయించండి. ఆ విషయం చెప్పిన అవ్వ పేరో తాత పేరో తప్పకుండా రాయించండి. రెండో ఏడు అదే పేజీ తిరగేస్తే ఏ పిట్ట ఆలస్యంగా వచ్చిందో, ఏది రాలేదో పిల్లలకే తెలుస్తుంది. బడులు తెరిచే జూన్‌కు నత్తగుల్ల కొంగలు దిగుతుంటాయి, గిజిగాడు పచ్చి పోచ కోసం తిరుగుతుంటాడు. మొదటి పేజీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.