ఎదురుగా కొండ

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కితే ఎదురుగా గుడి ఉన్న కొండ, రత్నగిరి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. మాఘమాసం ముహూర్తాలొస్తే ఆ కొండకి రాత్రంతా నిద్రుండదు. సన్నాయిలు, ఘాట్‌రోడ్డు మీద పెళ్లి బస్సుల హారన్లు. ఇన్నేళ్లుగా ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను గానీ ఆ కొండ మీద ఒక్క కవితా రాయలేదు. ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా.

ఈమధ్య లెబనాన్ కవయిత్రి ఎతెల్ అద్నాన్ గురించి చదివాక ఆ ధీమా కాస్త సడలింది. లెబనాన్ కవి అంటే మనకి ఖలీల్ జిబ్రానే. ఆయన పుస్తకాన్ని కాళోజీ తెలుగులోకి ‘జీవనగీత’గా తెచ్చిపెట్టాక ఇంకో పేరు కోసం మనం పెద్దగా వెతకలేదు. అద్నాన్ 1925లో బీరూట్‌లో పుట్టారు. అమ్మ గ్రీకు మనిషి, నాన్న సిరియా వాడు. ఇంట్లో గ్రీకు, టర్కిష్, బళ్లో ఫ్రెంచి. తండ్రి అరబ్బీ వ్యాకరణం ముందు పెడితే, అర్థం తెలియకపోయినా పేజీలకు పేజీలు ఎత్తి రాసేవారట. పెద్దయ్యాక, మడతలు మడతలుగా విచ్చుకునే పొడుగాటి కాగితాల మీద అరబ్ కవుల కవితల్ని సొంత దస్తూరీతో రాసి రంగులద్దారు. చిన్ననాటి ఆ ఎత్తిరాతే ఇలా తిరిగొచ్చిందని నా అనుమానం.

కాలిఫోర్నియాలో ఓ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. అక్కడ టమల్‌పైస్ అనే కొండ ఉంది. దాన్నే ఏళ్ల తరబడి, ఒకసారి పచ్చగా, ఇంకోసారి ఊదాగా, మళ్లీ మళ్లీ బొమ్మగా వేశారు. దాని మీద ఓ పుస్తకమూ రాశారు. అంతర్యుద్ధం బీరూట్‌ని తగలబెడుతున్నప్పుడు రాసిన పొడుగాటి కవితలో మాట చాలని చోటల్లా బాణాలూ సున్నాలూ గీసి వదిలేశారు. 2021లో పోయారు.

తత్వశాస్త్రం చెప్పే కవి అనగానే ఇస్మాయిల్ గారు గుర్తు రాకుండా ఎలా? మాకు 50 కిలోమీటర్ల దూరంలో, కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఆయన చెప్పిందీ ఆ పాఠమే. ఆవిడకి కొండైతే ఈయనకి చెట్టు. 1972లో ‘చెట్టు నా ఆదర్శం’, ఆ తర్వాత ‘మృత్యువృక్షం’, ‘చిలకలు వాలిన చెట్టు’. 1972 నాటికి విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టి రెండేళ్లు. కవిత అంటే పిడికిలి బిగించాల్సిందే అనుకుంటున్న రోజుల్లో తాపీగా చెట్టు కింద కూర్చోవడానికి గుండె దిటవుండాలి. నన్నడిగితే అదీ ఒక తెగువే. ‘కవిత్వంలో నిశ్శబ్దం’ అని ఏకంగా వ్యాసాల పుస్తకమే వేశారాయన.

సరే, నేనూ కలం పట్టాను. మొదటిరోజే 22 పంక్తులు పడ్డాయి. చదువుకుంటే ‘మౌనముని’, ‘భక్తజన సంద్రం’... అచ్చం బ్రహ్మోత్సవాల కరపత్రం! కొట్టేశాను. కొండగా మారిన రత్నాకరుడి కథ తెచ్చి ఇరికించాను, అదీ కొట్టేశాను. కొండ కింది పంపా నది మాత్రం, కొట్టేయొద్దని రెండు రోజులు బతిమాలింది.

మూడోవారానికి మిగిలినవి ఆరు పంక్తులు. ఓ ముసలావిడ మెట్లు దిగుతోంది. చీరచెంగులో ప్రసాదం పొట్లం. గోధుమనూక వేడి ఇంకా తగ్గలేదు. నెయ్యి ఊరి విస్తరాకు ఈనెల వెంట ముదురుమచ్చ పాకుతోంది. ఆవిడ ప్రతి మెట్టుకీ ఆగి, మోకాలు పట్టుకుని, ముందు పొట్లం తడిమి చూసుకుని మరీ అడుగేస్తోంది. అంతే.

పక్కింటి బాబాయ్‌గారికి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు.

“బానే ఉంది గానీ, ఇందులో కొండేదిరా?” అంటూనే నేను తెచ్చిన పొట్లం విప్పారు.