ఎండకు పెరిగే శ్రుతి

ఇంట్లో సొంతంగా కట్టుకున్న శ్రుతిపెట్టె పొద్దున బాగానే పలికి, మధ్యాహ్నానికి శ్రుతి పెరిగిందా? వెంటనే టంకం కడ్డీ వేడెక్కించి వైర్లు పీకకండి. అమరావతి నుంచి పల్నాడు దాకా మే నెలలో 45 డిగ్రీలు వింతేమీ కాదు. రెంటచింతల పేరు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. సర్క్యూట్ పుస్తకాలు రాసినవాళ్లకు ఆ ఊరు తెలియదు.

భజన మందిరాల్లో, హరికథ వేదికల మీద తంబురా పక్కన చేరిన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను మనం సింథసైజర్ అనుకోం గానీ, అదీ ఆ కుటుంబంలోదే. బెంగళూరులో ఇంజినీరూ వేణువు కళాకారుడూ అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఈ దారి తెరిచారు. అంతకు పదేళ్ల ముందే, 1969లో, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ స్టూడియో ఏర్పాటు చేశాడు. మూగ్ ఆసిలేటర్లకూ వేడి పడేది కాదు. ట్రాన్సిస్టర్ దగ్గర దాదాపు 18 మిల్లీవోల్టులు మారితే ఒక స్థాయి మొత్తం మారిపోతుంది; ఒక్క డిగ్రీ వేడికే 2 మిల్లీవోల్టులు కదులుతుంది. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే డిగ్రీకి అర స్వరం పైనే తప్పుతుందన్నమాట. అందుకే అక్కడ ఒకదాని తేడాను ఇంకొకటి సరిచేసేలా జత ట్రాన్సిస్టర్లు వాడతారు.

మన పెట్టెలో అంత హంగు లేదు. ఒక 555 ఐసీ, రెండు రెసిస్టర్లు, ఒక కండెన్సర్. కండెన్సర్ నిండి, ఖాళీ అయి, సెకనుకు సుమారు 262 సార్లు ఆ పని చేస్తే ఒకటో శ్రుతి. కండెన్సర్ విలువ 6 శాతం తగ్గితే శ్రుతి అర స్వరం పైకి పోతుంది. షాపులో చేతికొచ్చే గోధుమరంగు బిళ్ల, పైన 104 అని ఉండేది, వేడికి విలువ పోగొట్టుకునే రకం కావచ్చు. వాటిలో నాసిరకానికి వేడి చలి అంచుల్లో విలువ 82 శాతం దాకా తగ్గిపోయినా ప్రమాణాలు ఒప్పుకుంటాయి!

ఫాల్టు పట్టడానికి నేను మీటరు కన్నా ముందు చెవి వాడతాను. పక్కన సరైన శ్రుతి ఒకటి పెట్టి రెండూ కలిపి వింటే, తేడా ఉన్నచోట శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ అలలుగా వస్తుంది. సెకనుకు మూడు అలలంటే మూడు హెర్ట్జ్ తేడా. ఇప్పుడు టంకం కడ్డీ మొనను ఒక్కో పార్టుకూ దగ్గరగా, తగలకుండా పెట్టండి. ఏ పార్టు దగ్గర అలలు పరుగెత్తుతాయో అదే దొంగ. స్పిరిట్ అద్దిన దూదితో దాన్నే తాకండి, అల మళ్లీ నెమ్మదిస్తుంది. స్పిరిట్‌కు మంట తగలకుండా కడ్డీ ముందు దూరంగా పెట్టాలని వేరే చెప్పక్కర్లేదుగా.

ఒక్కోసారి శ్రుతి నిలకడగానే ఉండి, వెనకాల గుర్రుమనే మోత వస్తుంది. పొలం మోటార్లు ఆన్ అయ్యే వేళకే వస్తే అనుమానం కరెంటు మీదే. 9 వోల్టులు ఇచ్చే 7809 రెగ్యులేటర్‌కు 11 వోల్టులైనా అందాలి. లైన్లో వోల్టేజి పడితే అంత అందదు, 100 హెర్ట్జ్ హమ్ లోపలికి వచ్చేస్తుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి, కండెన్సర్ కాదు. 555 వల్ల ఒక మేలు: అది తన సప్లైలో మూడో వంతు, మూడింట రెండొంతులు చూసుకుని మారుతుంది కాబట్టి వోల్టేజి తగ్గినా శ్రుతి పెద్దగా కదలదు. 40106 ఐసీతో అగ్గువగా ఆరు ఆసిలేటర్లు వస్తాయి కానీ సప్లై ఊగితే శ్రుతీ ఊగుతుంది. మన ఊళ్లకు నా ఓటు 555కే.

కొనేటప్పుడు షాపాయన్ని ఎన్‌పీఓ రకం కండెన్సర్ అనే అడగండి. 20 డిగ్రీలు పెరిగినా దాని విలువలో తేడా 0.06 శాతం మించదు. "అన్నీ ఒకటే సార్" అంటే, పక్క షాపుకి వెళ్లండి.