లీలావతిలోని బంగారపు లెక్క

భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’లో సువర్ణగణితము కలదు. 13, 12, 11, 10 వన్నెల బంగారమును వరుసగా 10, 4, 2, 4 మాషముల చొప్పున కరగించి కలిపిన, మిశ్రమము వన్నె ఎంత? ఒక్కొక్క తూకమును దాని వన్నెచే గుణించి కూడిన 240. దానిని మొత్తము తూకమగు 20చే భాగించిన 12 వన్నె. తూకములను విడిచి వన్నెలకు మాత్రమే సగటు కట్టిన 11½ వచ్చును. వన్నెకు బదులు వెల అనుకొన్నచో ఈ పొరపాటు తీవ్రత తెలియును. కొన్న వెల 11½ రూపాయలని తలచి 12కు అమ్మిన వర్తకునికి దక్కు లాభము సున్న.

ఈ లెక్కకు ప్రాణము 240 అను సంఖ్య. పుటము పెట్టినపుడు పోవునది మాలిన్యమే, బంగారము తరగదు; కనుక 240 మారదు. అయితే సూత్రము ఈ కారణమును చెప్పదు.

ఉదాహరణములోను ఒక లోపమున్నది. శుద్ధి చేయగా 16 మాషములు మిగిలిన, వన్నె ఎంత? 16 వన్నెల మేలిమి అయిన, తూకము ఎంత? రెండింటికిని జవాబు 15. భావము గ్రహింపక 240ని 16చే భాగించిన విద్యార్థియు నెగ్గును. ఉపాధ్యాయుడు మొదటి ప్రశ్నలో 16కు బదులు 18 ఉంచి, 13⅓ వన్నె ఎందుకు వచ్చినదో చెప్పించవలెను. అప్పుడుగాని విద్యార్థికి లెక్క వచ్చినదో, సూత్రము మాత్రమే వచ్చినదో తేలదు.